నేను కూర్చుంటే మొరాయించే కంప్యూటర్

మా ఇంట్లో ఒంటిమీద బట్ట లేకుండా తిరిగిన వస్తువు ఒక్కటీ లేదు. టీవీకి గౌను, రేడియోకి కోటు, మిక్సీకి లంగా, ఆఖరికి గోడగడియారానికి కూడా కుచ్చుల అంచు. అన్నీ మా అవ్వ, అంటే మా అమ్మ, క్రోషా సూదితో అల్లినవే. అందుకని తొంభైల నడుమ ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి లారీ పార్సిల్‌లో మా కంప్యూటర్ మంచిర్యాలలో దిగినప్పుడు, బిగించడానికి వచ్చిన మనిషి ఇంకా వైర్లు విప్పుతుండగానే అవ్వ దారం పట్టుకుని కొలతలు తీసుకుంది. తెరకొకటి, కీబోర్డుకొకటి, కింద పెట్టెకొకటి తొడుగులు తయారయ్యాయి. పెట్టె తొడుగు మీద రెండు హంసలు మెడలు పెనవేసుకుని ఉండేవి. అది పెట్టె ముఖాన్ని పూర్తిగా కప్పేసేది. ఫ్లాపీ పెట్టడానికి మాత్రం ఒక చీలిక వదిలింది, అదీ నేను బతిమాలితే. పొద్దున్నే తొడుగు కింద చెయ్యి దూర్చి, తడుముకుని స్విచ్ నొక్కడం నాకు అలవాటైపోయింది. తొడుగు పైకి మడిచిపెడితే అవ్వ ఊరుకునేది కాదు.

"దుమ్ము పోతది లోపటికి. కప్పియ్."

మంచిర్యాలలో దుమ్ము అంటే ఉత్త దుమ్ము కాదు, బొగ్గు దుమ్ము. కాబట్టి ఆమెతో వాదించలేం.

మాది బొగ్గుబాయి కుటుంబం. మా నాన్న, మేం పిలిచేది బాపు, ముప్పై ఏళ్లు బాయి మీద వైండింగ్ ఇంజన్ నడిపాడు. అంటే, మనుషుల్ని ఇనుప తొట్టిలో ఎక్కించి భూమిలోపలికి దింపే, షిఫ్టు అయ్యాక మళ్లీ పైకి లాగే ఇంజన్. తను లోపలికి దిగింది తక్కువే గానీ, ఆ బాయిలోకి దిగినవాళ్లందరూ ఆయన చేతిమీదుగానే దిగారు. ఆ ఇంజన్ మోతకు చెవులు సగం పోయాయి. అందుకే ఆయన చెప్పే రహస్యాలు కూడా వీధి చివరిదాకా వినబడేవి. ముందుగా కొలువు దిగిపోతే అది కొడుక్కి వచ్చే కాలం అది. బిడ్డకు రాదు, రూలు అంతే. బాపు కొలువు తమ్ముడికి వచ్చింది, క్వార్టరూ వాడిదే అయింది. మేం మంచిర్యాలలో రెండు గదులు, వాటి ముందొక షట్టర్ గది కట్టుకున్నాం. తమ్ముడికి నౌకరి ఇచ్చినందుకు నాకు బాపు కంప్యూటర్ కొనిపెట్టాడు. తూకం సరిపోయిందా అని నన్ను అడగొద్దు.

నాకు కంప్యూటర్ ఎందుకంటే, నేను మొగుణ్ణి వదిలేసి వచ్చాను. ఆయనకు మాటకంటే ముందు చెయ్యి లేచేది. అత్తగారైతే నా అడుగు మంచిది కాదని తేల్చిపారేసింది. నేను అడుగు పెట్టినప్పట్నించి బర్రె పాలు తగ్గించిందట, బోరు ఎండిందట, మరిది పరీక్ష తప్పాడట. బర్రె సంగతీ బోరు సంగతీ నాకు తెలియదు గానీ, మరిది పరీక్ష తప్పడానికి నా అడుగు అక్కర్లేదు, వాడి తలకాయ చాలు. ఒకరోజు చెంప మీద వేళ్ల అచ్చులతోనే బస్సెక్కి పుట్టింటికి వచ్చేశాను. షట్టర్ గదిలో కంప్యూటర్ పెట్టుకుని అక్షరాలు కొట్టే దుకాణం తెరిచాను.

వస్తే ఊరుకుంటారా? చొప్పదండి నుంచి పెద్దబాపు వచ్చాడు. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. పొలాలూ రైసుమిల్లూ ఉన్నవాడు, మా వంశానికంతటికీ పెద్దమనిషి. ఆయన కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడాలి, ఆయన నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు గోడకు ఆనుకోవాలి. మా బాపు ఆయన ముందు నోరెత్తగా నేను ఎన్నడూ చూడలేదు. ఎదురింటి టైలర్ దగ్గర్నుంచి తెచ్చిన కుర్చీల మీద పంచాయితీ జరిగింది. పెద్దబాపు తీర్పు చెప్పాడు.

"ఉగాది దాక చూస్త. గీ దుకాణం నడిస్తె ఉండు. నడవకుంటె మూటముల్లె సదురుకొని నీ ఇంటికి నువ్వు పోవుడే. నలుగుర్ల నాకు ఇజ్జత్ ఉన్నది."

ఇదీ సంగతి. దుకాణం నిలబడితే నేను నిలబడ్డట్టు. లేకపోతే ఆ చెంపదెబ్బల ఇంటికి మళ్లీ పోవాలి.

నా పనేమిటంటే, తెలుగు అక్షరాలు కొట్టి, పేజీ అమర్చి, ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి ప్రెస్సుకు ఇవ్వడం. లగ్గం పత్రికలు, కరపత్రాలు, గృహప్రవేశాలు. బాగుంటే ప్రెస్సుకు పేరు, తప్పుంటే నాకు తిట్లు. చలికాలం చివర్లో ఊళ్లో ఒక ప్రైవేటు బడి హెడ్మాస్టరు కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బడి వార్షికోత్సవానికి సంచిక వేస్తారట. పిల్లల కథలు, పాటలు, పెద్దల సందేశాలు. సందేశాలే ఎక్కువ.

"అమ్మా, వార్షికోత్సవం నాటికి పుస్తకం చేతికి రావాలె. మంచిగ చేసినవంటె ఇగనుంచి పరీక్ష పేపర్లన్నీ నీకే ఇస్త. ఆలస్యం చేసినవంటె కరీంనగర్ పంపుత, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు.

ఏడాది పొడుగునా పరీక్ష పేపర్లంటే ఇక దుకాణం నడుస్తుందా లేదా అన్న ప్రశ్నే లేదు. పెద్దబాపు కూడా కాదనలేడు. సంచిక చెయ్యి జారితే మాత్రం ఉగాదికి నేను బస్టాండులో ఉంటాను. ఆ వారం నుంచి పొద్దున కూర్చుంటే అన్నానికి కూడా లేవకుండా కొట్టడం మొదలుపెట్టాను.

సరిగ్గా ఆ వారమే కంప్యూటర్‌కు బద్ధకం పట్టుకుంది.

అంతకుముందు కూడా అదేం పరుగులు పెట్టేది కాదు గానీ, పిలిస్తే పలికేది. ఇప్పుడు స్విచ్ నొక్కితే తెర మీద అంకెలు ఒక్కొక్కటే ఆలోచించుకుంటూ ఎక్కేవి. తర్వాత తెర నల్లబడేది. ఆ తర్వాత ఇసుక గడియారం బొమ్మ వచ్చి కదలకుండా నిలబడేది. ఈలోగా నేను వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి వచ్చేదాన్ని, అది ఇంకా అక్కడే ఉండేది. లేచాక కూడా అదే వరస. 'క' కొట్టి కొమ్ము ఇస్తే, ఆ కొమ్ము తెర మీదికి వచ్చేలోపు నేను ఏ మాట రాస్తున్నానో మర్చిపోయేదాన్ని. ఒక పిల్ల రాసిన కుక్కపిల్ల కథ రెండు పేజీలు కొట్టేసరికి ఆ కుక్కపిల్ల మీద నాకు పగ పుట్టింది.

ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే వీధంతా డాక్టర్లవుతారు, కంప్యూటర్‌కూ అదే జరిగింది. అవ్వ దిష్టి అంది. "గింతమంది అచ్చి కండ్లు పెడితె అది మాత్రం ఏం చేస్తది" అని తెర నెత్తిన నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అదీ చాలక ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. మేం ముగ్గురం దగ్గి దగ్గి చచ్చాం, కంప్యూటర్ ఒక్కటే దగ్గలేదు. ఎదురింటి టైలర్ వోల్టేజీ అన్నాడు. ఫ్రిజ్ ఆపి దాని స్టెబిలైజర్ పీకి కంప్యూటర్‌కు పెట్టాం. పాలు విరిగాయి, అంతకుమించి ఏమీ మారలేదు. పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి వచ్చిన హెడ్మాస్టరు, సైన్సు చెప్పే సారే అయినా, "దక్షిణం మొకాన పెడితె గిట్లనే అయితది" అన్నాడు. తూర్పుకు తిప్పాం. పొద్దుటి ఎండ నేరుగా తెర మీద పడి అసలు ఏమీ కనబడలేదు. అది ఎంత నెమ్మదిగా నడుస్తున్నదో చూడనవసరం లేకపోవడంతో కాసేపు మనశ్శాంతిగానే ఉంది.

నా దగ్గర ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం ఉండేది, కోఠీలో ఫుట్‌పాత్ మీద కొన్నది. అది చెప్పినవన్నీ చేశాను. మెషిన్ లేవగానే తనంతట తాను నడుచుకునే చిల్లరమల్లర ప్రోగ్రాములన్నీ తీసేశాను. తమ్ముడు ఎక్కించిన పేకాట తీసేశాను. వాడు నెలరోజులు నాతో మాట్లాడలేదు, అదొక లాభం. డిస్కులో చెల్లాచెదురుగా పడి ఉన్న ఫైళ్లను ఒక వరసలో సర్దే ప్రోగ్రాం పెట్టాను. అది సర్దుతున్నంతసేపూ తెర మీద రంగురంగుల చిన్న చిన్న గడులు ఒక్కొక్కటే జరుగుతుంటాయి. అవ్వా, టైలర్ పెండ్లామూ చిక్కుడుకాయలు ముందేసుకుని వలుస్తూ పొద్దంతా అది చూశారు. "గా నీలిది ఇంక జరగలే, సూడు సూడు" అని ఒకరికొకరు చూపించుకున్నారు. గడులన్నీ సర్దుకున్నాయి, కాయలన్నీ వలిచారు, మర్నాడు మెషిన్ మళ్లీ అలాగే లేచింది. పెట్టె విప్పి, సైకిల్ పంపుతో గాలి కొట్టి లోపలి దుమ్మంతా ఎగరగొట్టాను. మెమరీ పట్టీలు పీకి, వాటి పండ్లు పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాను. లోపల ఒక బొద్దింక దొరికింది. పాపం అది కూడా ముసలిదే.

ఆ పుస్తకం మొదట్లోనే ఒక మాట ఉంది. జబ్బు కనుక్కోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మా ఇంట్లో అది జరిగే పని కాదు. నేను ఒకటి మార్చేలోపు అవ్వ రెండు మార్చేది.

చివరికి కరీంనగర్ నుంచి ఇంజనీరును పిలిపించాను. జేబులో స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివాడినీ అప్పట్లో ఇంజనీరనే అనేవాళ్లం. ఆ రోజు బాపు హడావుడి చూడాలి. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గది తనే ఊడ్చాడు. తొడుగు కూడా తనే తీసి, హంసల్ని మడతపెట్టి పక్కన పెట్టాడు. ఇంజనీరు కుర్చీలో కూర్చుని స్విచ్ నొక్కాడు. పెట్టె ముఖం మీద ఎర్ర అంకెలు వెలిగాయి, తెర మీద సంఖ్యలు బిరబిరా ఎక్కాయి, నేను టీ గ్లాసు అందించేలోపు మెషిన్ లేచి కూర్చుంది. ఏది నొక్కితే అది పలికింది. అతను అన్నీ తిప్పిచూసి నావైపు తిరిగాడు.

"మేడం, బండి మంచిగనే ఉన్నది గద. మీకేమన్న తొందర ఎక్కువనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. బాపు మాత్రం గోడ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు, ముఖంలో ఏదో తృప్తి. మర్నాడు పొద్దున నేను కూర్చున్నాను. మళ్లీ మామూలే.

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. పేజీలన్నీ ప్రింటుకు పెట్టేసి అన్నానికి లోపలికి పోతే, వచ్చేసరికి అవి చకచకా వచ్చేసి ఉండేవి. నేను ఎదురుగా కూర్చుంటేనే ఒక్క పేజీ రావడానికి యుగం పట్టేది. అనుమానం వచ్చి, ఒక పొద్దున బాపు పాలకు పోయినప్పుడు అవ్వను కుర్చీలో కూర్చోబెట్టాను.

"నాకెందుకే గీ పెంట" అంటూనే ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని స్విచ్ నొక్కింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. అది ఇంజనీరుకు లేచినట్టే లేచింది.

ఇంజనీరు కూర్చుంటే నడిచింది. అవ్వ కూర్చుంటే నడిచింది. ఎవరూ లేకపోయినా నడిచింది. పుస్తకం చెప్పినట్టే ఒక్కటొక్కటే తీసేసుకుంటూ పోతే మిగిలింది నేను. రోగం నేనే.

నవ్వుకోవలసిన మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. డిగ్రీ చదివినదాన్ని, అడుగూ గిడుగూ ఏమీ ఉండదని నలుగురికి చెప్పేదాన్ని, అయినా ఆ పూట అత్తగారి గొంతు చెవిలో మోగుతూనే ఉంది. బర్రె, బోరు, ఇప్పుడు కంప్యూటర్. నిజంగానే నాలో ఏదో ఉందేమో, నేను ముట్టుకున్నది ఏదీ బాగుపడదేమో అనిపించింది. అన్నం సయించలేదు. సంచిక సగం కూడా కాలేదు, వార్షికోత్సవం మీద పడుతోంది. హెడ్మాస్టరు వచ్చి కాగితాల కట్ట వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, కరీంనగర్ బస్సు ఎన్నింటికని అడిగి పోయాడు. తిడితే బాగుండేది.

ఈలోగా చొప్పదండి నుంచి కబురొచ్చింది. ఉగాది దగ్గర పడుతోంది, నా మొగుడి తరఫువాళ్లు మాట్లాడుతున్నారు, ఒకసారి వచ్చిపొమ్మని పెద్దబాపు బాపును పిలిచాడు. బాపు తెల్లారి మొదటి బస్సుకే పోయాడు. నేను ఎలాగూ ఆ ఇంటికి తిరిగి పోయేదాన్నేగా అని ఏడుపు ముఖంతో వచ్చి కుర్చీలో కూర్చుని, స్విచ్ నొక్కాను.

లేచింది. వెంటనే లేచింది. నేను కూర్చునే ఉన్నాను, అయినా లేచింది. 'క' కొట్టాను, కొమ్ము నా వేలు తీయకముందే వచ్చి కూర్చుంది. నమ్మలేక ఆపి మళ్లీ నొక్కాను. మళ్లీ లేచింది. ఆ రోజు నేను కొట్టిన కొట్టుడుకు కుక్కపిల్ల కథ మొదలుకుని సగం సందేశాల దాకా అయిపోయాయి. మర్నాడూ అంతే. నా అడుగు బంగారం లాంటిదని ఆ రెండు రోజులూ అవ్వకు వినబడేలా అంటూనే ఉన్నాను. రెండో రోజు సాయంత్రం బాపు వాడిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. పెద్దబాపు ఏమన్నాడో చెప్పలేదు. పొద్దున్నే నేను కూర్చుంటే మెషిన్ మళ్లీ ఈడ్చుకుంటూ లేచింది.

"మీ బాపు కాలు మంచిది కాదని నేను లగ్గమైన కాడినుంచి చెప్తున్న, ఎవరింటరు?" అంది అవ్వ.

ఆమె తమాషాకే అంది. నేను మాత్రం పట్టుకున్నాను. మర్నాడు టీ పెట్టుకుంటానని వంటింట్లోకి పోయాను. మా వంటింటి కిటికీలోంచి షట్టర్ గది కనబడుతుంది. గ్లాసు పట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాను. బాపు వచ్చాడు. దేవుడి పటానికి ఊదుబత్తి పెట్టాడు. వీధిలోకి ఇటూ అటూ చూశాడు. మోకాళ్లు పటపటమనేలా బల్ల ముందు వంగి, హంసల తొడుగు అంచు ఎత్తి, బొటనవేలితో ఏదో నొక్కాడు. తొడుగు దించి అరచేతితో ముడతలు సాపు చేశాడు. తర్వాత నడుం పట్టుకుని లేచి, "బిడ్డా, ఆయెనా? రా, కూసో" అని కేక పెట్టాడు.

నేను పోయి తొడుగు పీకి అవతల పారేశాను. స్విచ్ వేశాను. పెట్టె మీది ఎర్ర అంకెలు ముప్పై మూడు చూపిస్తున్నాయి. ఇంజనీరు వచ్చిన రోజు అవి అరవై ఆరు. ఆ అంకెల పక్కన ఒక చిన్న మీట ఉంది. లోపలికి నొక్కి ఉంటే మెషిన్ పూర్తి వేగంతో నడుస్తుంది, పైకి వస్తే కాళ్లు కట్టేసినట్టు నడుస్తుంది. బిగించిన రోజే ఆ మనిషి దాన్ని లోపలికి నొక్కి, ఇది ఎప్పుడూ ఇట్లనే ఉండాలె అని మా ముందే చెప్పాడు. అప్పటినుంచీ నేను దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోనిదాని మీద అనుమానమూ రాలేదు.

"ఏంది బాపు ఇది?"

"ఆఁ?" అన్నాడు, వినబడనట్టు. ఆయన చెవులు సగమే పోయాయి, మిగతా సగం అవసరాన్ని బట్టి పోతాయి.

"గీ మీట ఎందుకు నొక్కినవ్?"

దొరికిపోయాడు. కండువా తీసి భుజం మార్చుకున్నాడు.

"నువ్వు కూసుంటవ్ గద."

"కూసుంటె?"

"బొగ్గు పైకి తీసెటప్పుడు ఎంత జోరుగనన్న గుంజొచ్చు బిడ్డ. మనుషులు ఎక్కినంక నిమ్మళంగ నడపాలె. అది రూల్. ముప్పై ఏండ్లు నేను గదే చేసిన."

"మరి నేను లేసిపోయినంక?"

"ఉత్తదే గద. ఉత్తదాన్ని ఎంత జోరుగ నడిపితె ఏమైతది? మల్ల లోపటికి నొక్కుతుంటి."

"ఇంజనీర్ వచ్చిననాడు?"

"ఇన్‌స్పెక్షన్ గదనే" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఇన్‌స్పెక్షన్ నాడు ఇంజన్ ఫుల్ చూపెట్టాలె."

నాకు కోపం నషాళానికి అంటింది. ఎదురింట్లో టైలర్ కుట్టుమిషన్ ఆపేసేటంత గట్టిగా అరిచాను.

"నేను కుర్చీల కూసున్న బాపు! బాయిలకు దిగుతలేను! నా అడుగే మంచిది కాదనుకుంట నాలుగు దినాల సంది అన్నం తింటలే, నీకు ఎరుకనా? గీ సంచిక కాకుంటె నేను ఏడికి పోవాల్నో నీకు ఎరుకనా?"

"ఎరుకే" అన్నాడు. "ఎరుకనే గద, గందుకే. పొద్దంత దాని మీదనే ఉంటివి. కండ్లు ఎర్రగ చేసుకొని, వేళ్లు ఇరిగెటట్టు కొడ్తుంటివి. ఉగాది దాక నీ బతుకునంత మా అన్న గీ పెట్టె మీదనే ఎక్కిచ్చిండు. జర నిమ్మళంగ నడిస్తె పైలంగ ఉంటవనుకున్న."

నేను ఇంకేదో అనబోయాను. ఆయన నా ముఖం వైపు చూడకుండా, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. మెల్లగా అంటే, టైలర్‌కు వినబడనంత.

"నీ లగ్గం జల్ది చేసిన బిడ్డ. ఇల్లు చూడలే, వాకిలి చూడలే, పిలగాడు ఎసొంటోడో అడగలే. అన్న చెప్పిండని ఒక్క వారంల కానిచ్చిన. గంతమందిని దించిన, ఒక్కరికి దెబ్బ తాకనియ్యలే. నిన్నొక్కదాన్నే జోరుగ దించిన."

నా కోపం పోలేదు. ఏడుపూ ఆగలేదు. రెండూ కలిసి వచ్చి ముక్కు కారింది, అంతే. ఆయన కండువా ఇస్తే దానితోనే తుడుచుకున్నాను. అడుగు మాట మాత్రం ఆ క్షణమే నా మీదినుంచి దిగిపోయింది. బర్రె ఎందుకు పాలు తగ్గించిందో నాకు తెలియదు గానీ, దానికీ ఇలాంటి ఎవరిదో ఒక వేలు ఉండే ఉంటుంది.

ఆయన చేతే మీట లోపలికి నొక్కించాను. అరవై ఆరు వెలిగింది. ఇది ఎంత జోరుగా నడిస్తే నేను అంత పైలంగా, అంత భద్రంగా ఉంటానని చెప్పాను. నమ్మాడో లేదో గానీ, ఆ తర్వాత సంచిక అయ్యేదాకా ఒక స్టూలు వేసుకుని నా పక్కనే కూర్చుని ఆ ఎర్ర అంకెల మీదినుంచి చూపు తిప్పలేదు. హంసలు టైలర్ ఇంటికి కాపురానికి పోయాయి. అవ్వ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

సంచిక వార్షికోత్సవానికి ముందే చేతికొచ్చింది. హెడ్మాస్టరు తన సందేశం మాత్రమే చదువుకుని, బ్రహ్మాండం అన్నాడు. పరీక్ష పేపర్ల మాట నిలబెట్టుకున్నాడు. మొదటి కట్ట ఉగాదికి ముందే వచ్చి నా బల్ల మీద ఉంది.

ఉగాది నాడు తెల్లటి ధోతిలో పెద్దబాపు దిగాడు. పచ్చడి గ్లాసు చేతిలో పట్టుకుని షట్టర్ గదిలో కూర్చున్నాడు. బాపు గోడ దగ్గర నిలబడ్డాడు, ఎప్పటిలాగే. నేను పరీక్ష పేపర్లు చూపించాను, దుకాణం నడుస్తున్నది పెద్దబాపూ అన్నాను. ఆయన వాటివైపు చూడనైనా లేదు.

"పేపర్లు సరే. నలుగురు ఏమంటున్నరో ఎరుకనా మీకు? పిలగాడు ఇప్పుడు మారిండంట. వాళ్లు మాపటికి వస్తుండ్రు, పిల్లను తయారుండమను. ఇగ చాలు గీ టకటక."

ఉగాది దాకా అన్న మాట పెట్టింది ఆయనే, ఎత్తిపారేసింది ఆయనే. పెద్దమనుషుల మాటకు కాలపరిమితి వాళ్ల ఇష్టం. కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను. బాపు వైపు చూడాలనిపించలేదు. చూస్తే ఆయన తల దించుకుని ఉంటాడని నాకు తెలుసు.

"అన్నా" అన్నాడు బాపు.

ఎప్పటిలాగే వీధంతా వినబడేలా అన్నాడు. నేను తలెత్తాను. ఆయన గోడకు ఆనుకుని లేడు.

"మేనేజర్ దొర అచ్చి నా పక్కన నిలవడి, నడుపు అన్నా నేను ఇంజన్ కదిలియ్యలే ఏనాడు. తొట్టిల ఎక్కినోళ్ల కాడినుంచి గంట రావాలె. గంట కొడ్తెనే నా చెయ్యి లేస్తుండె. నా బిడ్డ గంట కొట్టలే."

పెద్దబాపుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టాడు.

"నా మాట తీసేస్తున్నవారా?"

"తీసేస్తున్న అన్నా."

"రేపు ఏమన్నయితె నా గడప తొక్కొద్దు మల్ల."

"తొక్కను అన్నా."

నేను పేపర్ల కట్ట ముందేసుకుని, ఇద్దరి ఎదుటా, వీధిలో నిలబడి చూస్తున్న టైలర్ ఎదుటా, సిగ్గు లేకుండా ఏడ్చాను. పెద్దబాపు నావైపు తిరిగి, పోతనని ఒక్క మాట నువ్వు అను, చాలు అన్నాడు. నేను పోనన్నాను. మళ్లీ అడిగినా పోనన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకుంటుంటే, బాపు వీధిలోకి వచ్చి చొప్పదండి మీదుగా కరీంనగర్ పోయే బస్సు ఏ మూల మీద ఆగుతుందో చెయ్యి చాపి చూపించాడు.